యాభయ్యో ఫోటో

"రవిక తియ్యాలమ్మా," అన్నాడు గౌస్ బాషా. అనేసి, కెమెరాతో ఏదో పని ఉన్నట్టు దాని మీదికి వంగిపోయాడు.

ఎనభై నాలుగు మార్చి. నల్లపాడు దాటాక ఉన్న ఆ మిరప కల్లంలో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళంతా చేతులాపారు. ఎనిమిది రూపాయల కూలికి పొద్దుటినుంచీ ఘాటులో దగ్గుతూ కూర్చున్నవాళ్ళు. ఫోటోకి నిలబడితే ఇరవై ఇస్తామంటే వాళ్ళలోంచి ప్రేమమ్మ లేచి వచ్చింది.

"ఎందుకండీ?" అంది.

జవాబు రామచంద్రమూర్తి చెప్పాడు. రిటైరైన లెక్చరరు, పాత ఫోటోల ప్రదర్శన కమిటీకి కార్యదర్శి. రాజధానిలోని మ్యూజియంతో కలిసి జిల్లా చరిత్రను గోడలకెక్కించబోతున్న పెద్దమనిషి. "ఇది యాభై ఏళ్ళ కిందటి ఫోటోలా ఉండాలి. అప్పట్లో కూలి ఆడవాళ్ళకి రవికలెక్కడివి?"

సంగతేమిటంటే, బాషా తండ్రి తీసిన ఫోటోలు నలభైతొమ్మిది దొరికాయి. అన్నీ కామందులవి, పెళ్ళిళ్ళవి, దొరలవి. కూలివాళ్ళ ఫోటో ఒక్కటైనా లేకపోతే ఒప్పందం కుదరదని మ్యూజియంవారు ఉత్తరం రాశారు. లేనిదాన్ని పుట్టిద్దామన్నది కమిటీవారి తెలివి. బాషా కాదనలేకపోయాడు. కలర్ ఫోటోలు వచ్చాక అతనికి పాస్‌పోర్టు సైజులే గతి. ప్రదర్శనకి ఆ పాత ఫోటోల ప్రింట్లు వేసే ఈ పని పోతే స్టూడియో మూసుకోవాల్సిందే.

ప్రేమమ్మ కదల్లేదు.

"మా యమ్మకీ తీశారండి, ఈ కల్లంలోనే. కామందు పంట చూపించుకోటానికి. రవిక కొనుక్కునే గతి లేక, కొంగు నిండా కప్పుకుని నిలబడిందంట. 'కొంగు దించు' అన్నాడంట తీసేటాయన. పక్కన కామందు ఉన్నాడాయె, ఏం చేసుద్ది? దించింది. పోయేదాకా అది చెప్పి ఏడ్చేది." కొంగు బొడ్లో దోపుకుంది. "ఆ తీసినాయన మీ నాన్నే, బాషాగారూ. నేను తియ్యను."

బాషాకి చెవులు కాలిపోయాయి. తండ్రి అన్న మాటే తనూ అన్నాడు. అదీ మర్యాదగా, 'అమ్మా' అని కూడా పిలిచి. ఆ మర్యాద తల్చుకుంటే ఇంకా సిగ్గేసింది.

"ఇంకొకామెని చూడవయ్యా. ముప్పై ఇద్దాం," అన్నాడు రామచంద్రమూర్తి.

"నా వల్ల కాదండి. పని ఇంకెవరికన్నా ఇచ్చుకోండి."

రామచంద్రమూర్తి విసవిసా నడిచి కారెక్కాడు. బాషా స్టాండు మడిచాడు. ఇప్పుడైనా ఆవిడ మొహం చూడొచ్చనుకున్నాడు.

ప్రేమమ్మే దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మా యమ్మకి ఇంకో ఫోటో లేదండి. మొహం మర్చిపోతన్నాను. ఆ ఫోటో మీ దగ్గరుంటే ఒక్కసారి చూపిత్తారా?"

బాషా మడిచిన స్టాండుని నేలమీద పెట్టాడు.

"లేదమ్మా. ఆ రోజుల్లో గాజు పలకల మీద తీసేవాళ్ళు. నాన్న పోయాక బొమ్మ పోయేదాకా చాకలి సోడా నీళ్ళతో కడిగేసి, ఫ్రేముల అద్దాలకి అమ్మేశాను."

"అందరియ్యీనా?"

ఆడవాళ్ళంతా వింటున్నారు.

"కాదమ్మా," అన్నాడు బాషా. "కూలోళ్ళవే."