గీతకు మూరెడు దూరంలో

మస్కట్‌లోని మత్రా క్లబ్బు మహిళల రగ్బీ జట్టు మొదటి సీజనులో పది మ్యాచులు ఆడింది, పదీ ఓడింది. రెండో సీజనులో మూడు గెలిచింది, ఒకటి సమం చేసింది, ఆరు ఓడింది. మూడో సీజనులో ఎనిమిది గెలిచి ఫైనలుకు వచ్చింది. ఇదంతా క్లబ్బు వరండాలో బోర్డు మీద తెల్ల రంగుతో రాసి ఉంటుంది. మూడు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా ఆడింది సంగీత ఒక్కతే. ఆ సంగతి బోర్డు మీద లేదు.

బోర్డుకు కుడివైపున ట్రైలు వేసినవాళ్ళ పేర్లుంటాయి. బంతి పట్టుకుని పరిగెత్తి, అవతలి జట్టు గీత దాటి, దాన్ని నేలకు ఆనిస్తే ట్రై. నాలుగు పాయింట్లు. దారిలో పట్టుబడితే లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టాలి. వెనక కాచుకున్న మనిషి దాన్ని తీసి పక్కవాళ్ళకు అందించాలి. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలి జట్టుది. ఆ వెనక కాచుకునే పని సంగీతది. మ్యాచంతా వంగుతుంది, తీస్తుంది, అందిస్తుంది. మూడేళ్ళలో ఆమె పేరు మీద ఒక్క ట్రై లేదు.

సంధ్య వచ్చి ఒక్క సీజనే అయింది. పేర్లలో మొదటిది ఆమెదే.

ఆ పిల్లను తెచ్చింది సంగీతే. రెండో సీజను చివర్లో కోచ్ కమ్రాన్ ఆమెను పిలిచి, "తుమ్హారే ఉధర్ కోయీ తేజ్ లడ్కీ హై క్యా?" అని అడిగాడు. ఆయనది కరాచీ. ఆడపిల్లలందరితోనూ హిందీలోనే మాట్లాడతాడు. జగిత్యాల దగ్గర తను చదివిన గురుకులంలో తన తర్వాత కబడ్డీ ఆడిన, చురుగ్గా పరిగెత్తే పిల్ల పేరు చెప్పింది సంగీత. చెప్పినప్పుడు సంతోషంగానే చెప్పింది. ఎయిర్‌పోర్టుకు వెళ్ళి తీసుకొచ్చింది. హమ్రియాలో తన రూములోనే మంచం వేయించింది. రూవీలో సిమ్ కార్డు ఇప్పించింది. డ్యూటీ అనే మాట ఇక్కడ ప్రాక్టీసుకు కూడా వాడతారని చెప్పింది. రూముకు ముందు ఎవరొస్తే వాళ్ళు ఇద్దరికీ కలిపి రెండు గ్లాసుల బియ్యం కుక్కర్లో పెట్టాలని నియమం పెట్టింది. సంధ్య ప్రతి మాట చివరా అక్కా అనేది. "ఉప్పెంత వేయాలక్కా." "ఈ బస్సేనా అక్కా." "నిద్దరొస్తలేదక్కా."

మొదటి మ్యాచ్‌లో సంధ్య మూడు ట్రైలు వేసింది. మూడింటికీ బంతి అందించింది సంగీతే. ఆ సాయంత్రం కెమెరాలు పట్టుకొచ్చినవాళ్ళు సంధ్య దగ్గర నిలబడ్డారు. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. వాళ్ళ ప్రశ్నలు తెలుగులోకి, ఈమె జవాబులు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది కూడా సంగీతే.

హమ్రియాలో వాళ్ళ బిల్డింగు కింద ఖాదర్‌వలి కిరాణా కొట్టు ఉంది. రాయచోటి మనిషి. ఒక శుక్రవారం ఇద్దరూ పెరుగు కోసం వెళ్తే గల్లా వదిలి బయటికి వచ్చాడు.

"యా సంధ్యమ్మా! టీవీలో జూసినా నిన్ను. అది పరుగా, గాలా? దా, ఒక ఫోటో దిగుదాం మా." ఫోను సంగీత చేతికిచ్చాడు. "నువ్వు తియ్ మా కొంచెం. కొట్టు బోర్డు పడేట్టు తియ్యి."

సంగీత తీసింది. బోర్డు పడేటట్టే తీసింది.

ఫోను వెనక్కి తీసుకుంటూ ఆయన అడిగాడు. "నువ్వు గూడా ఆడ్తావా మా?"

"అక్కనే నాకు బాల్ ఇస్తది అన్నా," అంది సంధ్య.

"ఓహో, అందిస్తాదా," అన్నాడు ఖాదర్‌వలి. పెరుగుకు డబ్బులు తీసుకోలేదు. సంగీత ఆ రాత్రి పెరుగు లేకుండా తిన్నది.

జనవరిలో క్లబ్బువాళ్ళు సంగీతను ఆఫీసుకు పిలిచారు. ఆమె కాంట్రాక్టు ఈ సీజనుతో అయిపోతుందని, వచ్చే ఏడాదికి ఆ స్థానంలో ఫిజీ నుంచి ఒకమ్మాయిని తీసుకుంటున్నారని చెప్పారు. సంధ్యకు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. సంగీత ఎవరితోనూ అనలేదు. బయటికి వస్తూ వరండాలో బోర్డు ముందు ఆగింది. ఇంకా ఆడాల్సిన మ్యాచుల్లో ఒక్క ట్రై వేసినా చాలు, ఆ వరుసలో అడుగునైనా తన పేరు పడుతుంది. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది అదొక్కటే.

ఆ వారం ప్రాక్టీసులో సంగీత ఒక విషయం చూసింది. కాలు మడతపడి సంధ్య కింద పడింది. ఇద్దరు మీద పడి పట్టుకున్నారు. సంధ్య నేల మీద పొర్లి, బంతి ఉన్న చేతిని ముందుకు చాపి గీత మీద పెట్టింది. పెట్టి, పట్టుకున్నవాళ్ళ వైపు చూసి నవ్వింది.

కబడ్డీలో అది గెలుపు. నలుగురు కాళ్ళు పట్టుకుని లాగుతున్నా, కూత ఆగకుండా చేయి చాపి మధ్యగీత ముట్టుకుంటే పట్టుకున్నవాళ్ళందరూ ఔటు. గురుకులం గ్రౌండులో పీఈటీ మేడమ్ వాళ్ళకు ఏళ్ళ తరబడి నేర్పింది అదే. పట్టు పడ్డాక అసలు ఆట మొదలవుతుందని చెప్పేది. ఈ ఆటలో అలా కాదు. పట్టుబడి, బంతి ఉన్న చేయి నేలకు తగిలాక ఆ పరుగు అక్కడితో అయిపోయినట్టే. మళ్ళీ చేయి చాపితే ట్రై చెల్లదు, పైగా బంతి అవతలివాళ్ళకు పోతుంది. మొదటి సీజనులో కువైట్ మీద సంగీత ఇదే చేసింది. ఆ మ్యాచ్ అలాగే పోయింది. "యే కబడ్డీ నహీ హై, బేటా!" అని కమ్రాన్ గ్రౌండంతా వినపడేలా అరిచాడు. తర్వాత నెల రోజులు ప్రతి ప్రాక్టీసు చివరా ఆమెను కింద పడేసి, బంతిని రెండు చేతులా పొట్టకు అదుముకుని పడుకోబెట్టాడు. అప్పుడు గానీ ఆ చేతికి బుద్ధి రాలేదు.

సంధ్య చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, ఆమె ఎవరికీ దొరికేది కాదు కనుక. కమ్రాన్ ఆ సమయానికి అవతలి కొసన ఉన్నాడు, చూడలేదు.

రూముకు వెళ్ళాక చెబుదామనుకుంది సంగీత. వెళ్ళేసరికి సంధ్య వాళ్ళమ్మతో వీడియో కాల్లో ఉంది. "మళ్ళ టీవీల చూపిచ్చిన్రట నన్ను," అంటోంది. రేపు చెబుదామనుకుంది. మర్నాడు ఎవరో చెబుతారులే అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది.

ఫైనలుకు ముందు వారం జట్టు ఇబ్రి వెళ్ళింది. అక్కడి కాలేజీ జట్టుతో ఒక స్నేహపూర్వక మ్యాచ్. కమ్రాన్ లీగ్ మీటింగుకు దుబాయ్ పోయాడు. జట్టుతో వచ్చింది నర్సు బ్యూలా ఒక్కతే. సంధ్య మేనమామ ఇస్తారి ఇబ్రిలోనే ఒక కంపెనీలో మేస్త్రీ. శుక్రవారం కావడంతో సైట్లో ఉన్న తెలంగాణవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. అందరూ గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పక్కన వరుసగా కూర్చున్నారు. అందరూ ఒకప్పుడు ఊళ్ళో కబడ్డీ ఆడినవాళ్ళే.

గ్రౌండు ఇసుక. రెండో సగంలో సంధ్య కాలు ఇసుకలో దిగబడి, గీతకు మూరెడు దూరంలో పడింది. ఇద్దరమ్మాయిలు నడుం పట్టుకున్నారు. సంధ్య చేయి చాపింది. బంతి గీత మీద పెట్టింది. తాడు పక్కనవాళ్ళంతా లేచి గెంతారు.

రెఫరీ అబ్దుల్, అక్కడి బళ్ళో వ్యాయామం మేష్టరు, విజిలేసి అడ్డంగా చేతులూపాడు.

"ఓ అబ్దుల్ సాబ్!" ఇస్తారి తాడు దాటి వచ్చాడు. "గీత ముట్టింది గదా పిల్ల! ఇగ ఏం గావాలె నీకు? గా పట్టుకున్నోళ్ళు ఔట్! ఖలాస్!"

"కూర్చోండి బాబాయ్, ఇది కబడ్డీ కాదు," అని నవ్వింది బ్యూలా. ఆమెది పాలకొల్లు. ఆట నియమాలు ఆమెకూ తెలియవు. పెద్దమనిషిని గ్రౌండులోంచి పంపడానికి అన్నదంతే.

అబ్దుల్ సంధ్య దగ్గరికి వచ్చి, నేల మీద చేయి ఆనించి, మళ్ళీ ముందుకు చాపి చూపించి, అరబ్బీలో కొంత, ఇంగ్లీషులో కొంత చెప్పాడు. సంధ్య సంగీత వైపు చూసింది.

"ఏమంటుండక్కా? నేను లైను ముట్టిన గదా?"

సంగీతకు అన్నీ అర్థమయ్యాయి. ఆ ఒక్క నిమిషంలో ఆమె సంధ్య మోచేతి మీద గీరుకుపోయిన చోట ఇసుక చూసింది, తాడు పక్కన ఇస్తారిని చూసింది, అతని వెనక ఫోన్లు పైకెత్తి నిలబడ్డవాళ్ళను చూసింది. వాళ్ళలో ఒక్కరైనా ఏ రోజైనా తన పేరు పిలిచారా అనుకుంది.

"ముట్టినవ్," అంది. "ఆయనకు రూల్స్ తెల్వయే. ఊకో."

"గట్లనే అనుకున్నక్కా," అంది సంధ్య.

అది స్నేహపూర్వక మ్యాచ్ కనుక ఏ లెక్కలోకీ రాలేదు. తిరుగు బస్సులో సంధ్య సంగీత భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

ఫైనలు మస్కట్‌లో, మనామా జట్టుతో. డ్రెస్సింగ్ రూములో బ్యూలా సంగీత వేళ్ళకు టేపు చుడుతోంది.

"ఏంటమ్మాయ్, ఆ మొహం? పెళ్ళికెళ్తే పప్పన్నం వడ్డించలేదన్నట్టు."

"ఏం లేదక్కా."

"మీ చెల్లెలు చూడు, ఎలా గెంతుతుందో. బోర్డు మీద ఇక చోటు లేదంట, ఆ పిల్ల పేరు పక్కన అంకెలు రాయడానికి."

"టేపు బిగుతైంది," అంది సంగీత.

బ్యూలా విప్పి మళ్ళీ చుట్టింది. అవతలి బెంచీ మీద సంధ్య షూ లేసులు కట్టుకుంటోంది. ఇప్పుడు చెప్పినా సరిపోతుంది, రెండు మాటలు చాలు. సంగీత లేచి నాలుగడుగులు వేసింది కూడా. సంధ్య తలెత్తి, "అక్కా, ఇయ్యాల మామ వాళ్ళు రెండు బస్సులేసుకోనొచ్చిన్రు! నా పేరు బట్ట మీద రాయించిన్రంట!" అంది. సంగీత ఆమెను దాటుకుని వెళ్ళి మంచినీళ్ళు తాగింది.

ఆట చివరి నిమిషాల్లో మనామా పదహారు, మత్రా పద్నాలుగు. మత్రా చేతిలో బంతి ఉంది, గీత దగ్గరలోనే ఉన్నారు. నాలుగు సార్లు పట్టుబడ్డారు. నాలుగు సార్లూ సంగీత బంతి తీసి అందించింది. నాలుగోసారి కుడివైపు చూసింది. సంధ్య ముందు ఖాళీ ఉంది. తనే పరిగెత్తుదామా అని ఒక్క క్షణం అనుకుంది. తన ముందు ఖాళీ లేదు. ఇచ్చింది.

సంధ్య ఒకమ్మాయిని తప్పించుకుంది. రెండో అమ్మాయి చీలమండలు దొరకబుచ్చుకుంది. ఇంకొకరు వీపు మీద పడ్డారు. సంధ్య బోర్లా పడింది. బంతి ఉన్న చేయి నేలకు తగిలింది. గీత ఇంకా మూరెడు దూరంలో ఉంది.

వెనకే పరిగెత్తుకొచ్చిన సంగీతకు ముందు కనిపించింది సంధ్య భుజం. ఆ భుజం కదలడం ఆమెకు తెలుసు. చేయి చాపడానికి ముందు భుజం లేస్తుంది, తనకూ అలాగే లేచేది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు. రెండు బస్సుల జనం చూస్తుండగా, టీవీ చూస్తుండగా, సంధ్య ఫైనలు పోగొడుతుంది.

"చెయ్యి చాపకు!" సంగీత అరిచింది. "చెల్లదు! సంధ్యా, చాపకు, లెవ్!"

ఎందుకు అరిచిందో ఆమెకు తెలియదు. పది మ్యాచులు ఆడి పదీ ఓడిన మనిషి నోరు అది.

సంధ్య చేయి అక్కడికక్కడ ఆగింది. ఎందుకని అడగలేదు, వెనక్కి చూడలేదు. అక్క చెప్పింది కనుక ఆగింది. ఎగిరి లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టింది. సంగీత వంగి తీసింది. అవతలివాళ్ళు ఇంకా లేస్తున్నారు. అందించడానికి పక్కన ఎవరూ లేరు. ఆమె తలవంచి సంధ్య పక్క నుంచి దూరి గీత మీద పడింది. రెఫరీ విజిలేసి చేయెత్తాడు. తర్వాత అదనపు పాయింట్ల కోసం గోలుకు తన్నిన బంతి కర్రకు తగిలి బయటికి పోయింది. దాంతో పనిలేదు. పద్దెనిమిది, పదహారు.

అందరూ సంగీతను ఎత్తుకున్నారు. కమ్రాన్ ఆమె తల మీద చేయిపెట్టి, "సబ్ర్ కా ఫల్, బేటా," అన్నాడు, ఓపికకు దక్కిన ఫలమని. ఇస్తారి మనుషులు సంధ్య పేరున్న బట్ట పట్టుకునే సంగీతా సంగీతా అని అరిచారు. ఖాదర్‌వలి కొట్టు మూసి వచ్చాడు. జనంలోంచి తోసుకుంటూ వచ్చి ఫోను తీసి సంధ్య చేతిలో పెట్టాడు.

"మీ అక్కతో నాకొక ఫోటో తియ్ మా."

సంధ్య తీసింది. ఫోను ఆయనకు ఇచ్చేసింది. ఆయన వెళ్ళాక సంధ్య సంగీతకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె మోచేతి మీద ఇబ్రి గాయం ఇంకా మానలేదు.

"చెల్లదని నీకు ఎప్పటిసంది ఎర్క?"

"మొదటి సీజన్ల నేను గూడ గట్లనే చేసిన. సారు తిట్టిండు. అందుకే..."

"అయితే ఇబ్రిల గా రెఫరీ సారు చెప్పింది కరెక్టేనా?"

సంగీత వేళ్ళ టేపు విప్పసాగింది. వెనక ఎవరో ఆమె జెర్సీ పట్టుకుని లాగుతున్నారు, ఇంకో ఫోటోకు. సంధ్య తలూపి, మామ ఉన్న వైపు నడిచింది.

ఆ వారంలోనే పెయింటరు వచ్చి బోర్డు రాశాడు. మూడో సీజను, విజేత. కుడివైపు వరుసలో అందరికంటే కింద సంగీత పేరు, పక్కన ఒకటి. పైన సంధ్య పేరు అలాగే ఉంది. సంగీత చదివింది. తన ఒకటిని చూసింది, పైన సంధ్య అంకె చూసింది. ఆ అంకెను చూస్తే ఇప్పటికీ అదే అసూయ. వెనక్కి చూడకుండా ఆగిన ఆ చేయి గుర్తొచ్చింది. ఎవరి మాటకైనా తను అలా ఆగిపోగలదా అనుకుంది. ఆ పిల్లకున్నవాటిలో తనకు లేనిది ఇంకొకటి దొరికినట్టైంది.

రూముకు ముందు వచ్చింది సంగీతే. రెండు గ్లాసుల బియ్యం కడిగి కుక్కర్లో పెట్టింది. విజిల్ వచ్చేసరికి సంధ్య తలుపు తీసుకుని వచ్చింది, బ్యాగు మంచం మీద వేసింది.

"అన్నమైంది, రా," అంది సంగీత.

"నాకొద్దు," అంది సంధ్య. "తినొచ్చిన."

ఆ మాట చివర అక్కా అని వస్తుందేమోనని సంగీత గరిటె పట్టుకుని నిలబడింది. సంధ్య గోడవైపు తిరిగి పడుకుంది.