ఖాళీగా ఉన్న గడి

బావ పోయిన మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి, ఆస్పత్రి మార్చురీ గుమాస్తా అక్క చేతిలో ఒక కాగితం పెట్టి, "శవాన్ని మీకివ్వడం కుదరదమ్మా" అన్నాడు.

అక్కకి ఏమీ అర్థం కాలేదు. ముందురోజు మధ్యాహ్నం ఎవరింట్లోనో సింకు కింద పడుకుని పైపు బిగిస్తూ బిగిస్తూనే ప్రాణం వదిలేశాడు బావ. కుళాయిల పని చేసేవాళ్లలో పెద్ద పేరు ఆయనది. పోస్టుమార్టం అయింది, సంతకాలయ్యాయి, బయట వ్యాను కూడా వచ్చి నిలబడింది. వాళ్ల శ్మశానంలో, మామగారి పక్కన, గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

"కుదరకపోవడమేంటి? నేను ఆయన పెళ్లాన్ని" అంది అక్క.

"అది కాదమ్మా. ఆయన రికార్డులో ప్రభుత్వ మతం అని ఉంది. మీదేమో వేరే మతం. ప్రభుత్వ మతంవాళ్లు పోతే అంత్యక్రియలు మత శాఖే చేస్తుంది. కొత్త చట్టం కదా."

"ఆయన పుట్టి బుద్ధెరిగాక మా ప్రార్థన మందిరం తప్ప ఇంకో మందిరం గడప తొక్కలేదయ్యా! ఎవడు రాశాడు అలాగని?"

గుమాస్తా భుజాలెగరేశాడు. అక్క పక్కన నిలబడ్డ చెల్లెలు మాత్రం ఆ కాగితం వంక చూడలేదు. చూడక్కర్లేదు. ఆ గడిలో ఆ మాట టైపు చేసింది తనే.

నలభై రెండేళ్లొచ్చినా ఆమెని ఇంట్లో అందరూ బుల్లి అనే పిలుస్తారు. జనన మరణాల రికార్డుల ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తోంది. పెళ్లీ పెటాకులూ లేవు, ఆదివారం వస్తే అక్కావాళ్లింట్లోనే భోజనం. గుమ్మంలో ఆమె కనపడగానే బావ, "గవర్నమెంటు గారొచ్చారు, కుర్చీ వేయండర్రా" అని కేకేసేవాడు.

కిందటేడు ఒక మతాన్ని దేశానికి ప్రభుత్వ మతంగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది. మిగతా మతాలవాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదని రేడియోలో రోజుకు నాలుగుసార్లు చెప్పారు. మొదట్లో నిజంగానే ఏమీ జరగలేదు. తర్వాత ఆఫీసుకి సర్క్యులర్ వచ్చింది. రికార్డుల్లో మతం గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఆరు నెలల్లోగా తమ సంతకంతో ఫారం ఇచ్చుకోవాలి, ఇవ్వనివాళ్లందరికీ ప్రభుత్వ మతమని నింపేయాలి. ఆ సంగతి పేపర్లో కూడా వేశారు, జుట్టు రాలకుండా రాసుకునే నూనె ప్రకటన కింద, చీమతలకాయంత అక్షరాల్లో.

బుల్లి సెక్షనులో అలాంటి గడులు మూడువేల పైచిలుకు. అందులో బావది ఒకటి. ఆయన పుట్టినప్పుడు వాళ్ల నాన్న ఆ గడి వదిలేశాడు. ఆ రోజుల్లో అది అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు.

ఒకసారి భోజనాల దగ్గర చెప్పింది. "బావా, మతం గురించి ఓ ఫారం ఉంది, సంతకం పెట్టాలి నువ్వు."

"నీళ్లు రాకపోతే నన్ను పిలవాలి గానీ, దేవుడు రాకపోతే నేనేం చేస్తానే?" అని నవ్వేశాడు.

రెండోసారి చెప్పలేదు. ఆ ఫారమేదో తనే పట్టుకెళ్లి సంతకం పెట్టించుకుని రావచ్చు, పెద్ద పనేం కాదు. కానీ సెక్షను మొత్తంలో వేరే మతంది తనొక్కతే. సొంతవాళ్ల ఫారాలు మోసుకొస్తోందని ఎవరైనా అంటే? ఆ భయంతోనే రేపూ మాపూ అంటూ ఆరు నెలలూ గడిపేసింది. గడువు దాటాక మూడువేల గడులతో పాటు దాన్నీ నింపింది. బావ నంబరు దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది. టీ తాగొచ్చి తరువాయి పేజీ మొదలుపెట్టింది.

"నువ్వు ఇక్కడే ఉండక్కా, నేను ఆఫీసుకెళ్లి కనుక్కుంటా" అని ఆస్పత్రి నుంచి పరుగున వెళ్లింది.

సూపరింటెండెంటుని వెనకాల అందరూ రబ్బరుస్టాంపు అంటారు. చెడ్డవాడేం కాదు. రిటైరవడానికి ఐదు నెలలుంది, అందాకా ఏ గొడవా రాకుండా ఉంటే చాలని ఆయన కోరిక. విషయం విని తల పట్టుకున్నాడు.

"సవరణ కావాలంటే సదరు వ్యక్తే వచ్చి దరఖాస్తు పెట్టాలమ్మా. ఓసారి ఆయన్ని..." అని నాలిక్కరుచుకున్నాడు.

"ఆయన్ని అడక్కుండా రాశానని నేను రాసిస్తాను సార్. ఆయన మతమేంటో తెలిసి కూడా రాశానని."

ఆయన గబుక్కున లేచి తలుపేసొచ్చాడు. "నీకేమైనా మతిపోయిందా? ఒక్క గడి తప్పని ఒప్పుకుంటే మూడువేల గడులూ తప్పే. వాటన్నిటి కింద సంతకం నాది. నా పెన్షను గోవిందా. తప్పుడు ఎంట్రీ చేసినందుకు నీకు జైలు."

"మరి మా బావ?"

"ఆయనకిప్పుడు ఏదైతేనేం తల్లీ" అన్నాడు. అన్నాక తనకే బాగోలేదనిపించిందేమో, సొరుగులోంచి కడుపుమంట మాత్ర తీసి చప్పరించడం మొదలుపెట్టాడు.

ఆమె అక్కడే కూర్చుని ఒకటిన్నర పేజీ రాసింది. ఆయన ఆ కాగితం ముట్టుకోలేదు. "నేను చూడలేదు, నువ్వివ్వలేదు" అన్నాడు.

ఆ ఆఫీసు లోగుట్టు బుల్లికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కింద ఇన్వర్డు కౌంటర్లో ముద్రా నంబరూ పడిన కాగితాన్ని ఆ తర్వాత ఎవరూ చూడలేదనడానికి వీల్లేదు. మెట్లు దిగి జనంతో పాటు లైనులో నిలబడింది. అక్కడి గుమాస్తా ఏనాడూ ఏ కాగితమూ చదివిన పాపాన పోలేదు. ధన్మని ముద్ర కొట్టాడు. నకలు తీసుకుని మత శాఖకి వెళ్లింది.

అక్కడి అధికారిణి ముప్పై ఏళ్ల మనిషి. కుర్చీ చూపించింది, మంచినీళ్లిప్పించింది, కాగితం ఆసాంతం చదివింది. ఎవరైనా విసుక్కుంటే ఎదురు తిరిగి అరవచ్చు. ఆమె మరీ మర్యాదగా మాట్లాడేసరికి బుల్లికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"దీన్ని విచారణకి పంపిస్తామండీ."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేం. అంత్యక్రియలు మాత్రం నాలుగింటికి. విచారణ కోసం శవాన్ని ఆపలేం కదా. అది తేలేదాకా రికార్డులో ఏముంటే అదే లెక్క." కాగితం ఫైల్లో పెట్టి, "మీరేం దిగులు పడకండి. మనవాడికి ఏ లోటూ రానివ్వం" అంది.

మనవాడు. బుల్లి మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచింది.

నాలుగింటికి ప్రభుత్వ శ్మశానం ఇనపకంచె బయట నిలబడ్డారు ముగ్గురూ. అక్క, ఆమె పదకొండేళ్ల కూతురు పాప, బుల్లి. వేరే మతంవాళ్లకి లోపలికి ప్రవేశం లేదు, మిగతా చుట్టాలనైతే రోడ్డు మీదే ఆపేశారు. లోపల పనంతా శుభ్రంగా జరిగింది. నలుగురు ఉద్యోగులు, చక్కటి తెల్లగుడ్డ, పూలు. ఒకాయన గొంతెత్తి ప్రార్థన చదివాడు.

"నాన్న పేరు తప్పు పలుకుతున్నాడు పిన్నీ" అంది పాప.

కంచె పట్టుకుని అక్క చివరిదాకా చూసింది. గొయ్యి పూడ్చి ఉద్యోగులు చేతులు కడుక్కున్నాక కంచె వదిలింది. అప్పుడు అడిగింది.

"మీ ఆఫీసేగా. రాసినవాడెవడో నీకు తెలిసే ఉంటుంది."

"నేనే అక్కా."

"చూసుకోకుండా రాశావా?"

"చూసే రాశా."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఆఫీసుకొచ్చి గొడవ చేస్తావని."

అక్క కొట్టలేదు, తిట్టలేదు. పాప చెయ్యి పట్టుకుని బస్టాపుకేసి నడిచింది. వెనకాలే వెళ్లే ధైర్యం బుల్లికి లేకపోయింది. అవతలి రోడ్డు మీదుగా, చుట్టు తిరిగి, నడిచే ఇంటికి పోయింది.

పది రోజులకి అక్కకి ఇంకో కాగితం వచ్చింది. తండ్రిది ప్రభుత్వ మతం కనక బిడ్డదీ అదేనట. పాప బళ్లో ఆ మతపాఠం తరగతిలో కూర్చోవాలి, పరీక్ష పాసవ్వాలి. అక్క కోర్టుకెక్కింది.

ఇవతల బుల్లి రోజూ పోలీసుల కోసం ఎదురుచూసింది. స్నానానికెళ్తే తలుపు చప్పుడైనట్టుండేది. ఒక చీరా, దువ్వెనా, తలనొప్పి మాత్రలూ సంచిలో సర్దిపెట్టుకుంది కూడా. ఎవరూ రాలేదు. ఆమెని శిక్షించాలంటే ఎంట్రీ తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకునేవాడెవడు? ఆమె కాగితం "పరిశీలనలో" ఉంది. రాజీనామా ఇస్తే, పరిశీలన తేలేదాకా రాజీనామాలు తీసుకోకూడదన్నారు. సెలవడిగితే పనెక్కువుందన్నారు. పనేంటంటే, పాప పేర వచ్చినటువంటి కాగితాలే ఊళ్లోని మిగతా పిల్లలకి టైపు చేసి పంపడం. అదే కుర్చీ, అదే కిటికీ, అదే ఎదురుగోడ. ఐదు నెలలకి రబ్బరుస్టాంపు పూలదండ వేయించుకుని ఇంటికెళ్లిపోయాడు. "అదృష్టవంతుడు" అనుకుంది బుల్లి.

పాప కేసులో ఆమె సాక్షి. గడి తనే నింపానని బోనెక్కి చెప్పింది. జడ్జి శ్రద్ధగానే విన్నాడు. తండ్రి మతం సంగతి విచారణలో తేలలేదు కనక బిడ్డ సంగతి తను తేల్చలేనన్నాడు. పద్దెనిమిదేళ్లు నిండాక అమ్మాయే రికార్డుల ఆఫీసుకొచ్చి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నాడు. విచారించడానికి ఆరు నెలలు, చెప్పడానికి ఆరు నిమిషాలు.

వరండాలో అక్క బెంచీ మీద కూలబడింది. బుల్లి కాస్త దూరంగా నిలబడి, "అక్కా, కొత్త సూపరింటెండెంటు ఓ దారి చెప్పాడు" అంది. "నేను రాసిచ్చింది వెనక్కి తీసుకుంటే రాజీనామా తీసుకుంటారట. ఇంకో ఊరెళ్లి ఏదో ఒకటి చేసుకు బతుకుతా. ఆ కుర్చీలో నా వల్ల కావట్లేదు."

అన్ని నెలల్లో అక్క మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వెళ్లిపోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరో ఒకరు."

"ఏడేళ్లయ్యాక నా కూతురు దరఖాస్తు పట్టుకుని వస్తుంది. ఫారం అయిపోయిందని ఒకడు, గడువు దాటిందని ఒకడు, రేపు రమ్మని ఒకడు. మీ ఆఫీసు నాకు తెలియదనుకున్నావా? నువ్వు రాసిన ఆ ముక్క కూడా ఫైల్లోంచి మాయమైతే దానికిక దిక్కెవరు? కూర్చో. అది వచ్చేదాకా అక్కడే కూర్చో."

"ఏడేళ్లక్కా!"

"నాకు మాత్రం ఏడు రోజులనుకున్నావా?"

బుల్లి రాజీనామా ఇవ్వలేదు. రాసిచ్చిందీ వెనక్కి తీసుకోలేదు. అక్కచెల్లెళ్ల మధ్య మాటలు మళ్లీ ఆగిపోయాయి. ఆదివారం భోజనాల ఊసే లేదు.

పాప మాత్రం శనివారం సాయంత్రాలు పుస్తకం పట్టుకుని పిన్ని దగ్గరికి వస్తుంది. బళ్లో ఆ మతప్రార్థనలు కంఠతా చెప్పించుకుంటారు, తప్పులు పోతే మార్కులు పోతాయి. ఇంట్లో చదివితే వాళ్లమ్మ లేచి దొడ్లోకి వెళ్లిపోతుందట. అందుకని బుల్లి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, పాప కళ్లు మూసుకుని ఒప్పజెపుతుంది.

"మూడో వాక్యం మళ్లీ చెప్పమ్మా" అంటుంది బుల్లి. "ఒక మాట వదిలేశావు."