చదవనక్కర్లేని అక్షరాలు

షావోషింగ్‌లో కాలువ పక్క గదిలో కూర్చుని శెన్ రుయ్యిన్ రాసే అక్షరాలు ఏ నిఘంటువులోనూ ఉండవు. చూపుకి అచ్చం చైనా అక్షరాలే; చదవబోతే ఒక్కటీ నోటికి రాదు. అన్నీ ఆమె కల్పించినవే. షాంఘైలో వాటిని గోడలకు వేలాడదీసి మెచ్చుకున్నారు గానీ కన్నతండ్రి మెచ్చలేదు. ఆయన బడిపిల్లలకు దస్తూరీ దిద్దించి తల నెరిసిన మనిషి.

"సిరా దండగ, కాగితం దండగ. కోడి కెలికినా ఇంతకంటే నయమే!" అనేవాడు. ఆ గది గడప తొక్కలేదు.

పోయిన చలికాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి, మాట తిరిగొచ్చింది; చదువు మాత్రం రాలేదు. పత్రిక తెరిస్తే అక్షరాలన్నీ ఎరిగిన ముఖాల్లాగే ఉండేవి, ఒక్క దాని పేరూ తట్టేది కాదు. వీధిలోకి వెళ్ళడమే మానేశాడు.

"బజారులో ప్రతి బోర్డూ నన్ను వెక్కిరిస్తోందే," అన్నాడు భార్యతో.

ఒకనాడు తల్లి పన్ను పీకించుకోవడానికి వెళుతూ ఆయన్ని కూతురి దగ్గర దింపింది. గోడల నిండా అక్షరాలే. నాన్న నొచ్చుకుంటాడని రుయ్యిన్ గబగబా చుట్టబోయింది.

"ఉండనీవే."

అన్నిటికంటే పొడుగాటి కాగితం ముందు ఆయన చాలాసేపు కూర్చున్నాడు. బిగుసుకున్న భుజాలు మెల్లగా జారాయి.

"ఇవి ఎవరికీ చదవడం రాదు కదూ?"

"ఎవరికీ రాదు నాన్నా. నాక్కూడా."

"హమ్మయ్య!" అని నవ్వాడు. జబ్బు పడ్డాక ఆ నవ్వు వినడం అదే మొదలు. మరుక్షణం లేచి దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ గీత. మొదలు బాగానే పట్టావు, తోక దగ్గర చెయ్యి జారవిడిచావు. ఎవరే నీకు నేర్పింది?"

"నువ్వే."

"నేనిలా నేర్పలేదు!"

రుయ్యిన్‌కి కళ్ళు చెమర్చాయి. సిరా నూరి, కుంచె ఆయన చేతికిచ్చింది. వేళ్ళు మొరాయించినా నిలువుగా ఒక గీత దించాడు. ఆమె దాని మీద అడ్డంగా ఒకటి వేసింది. ఆయన కింద చుక్క పెట్టాడు.

"ఏమంటారు నాన్నా దీన్ని?"

"అనేదేముందే? పడిపోకుండా నిలబడింది, చాలదూ?"

చదువు ఆయనకు పూర్తిగా తిరిగి రానేలేదు. కానీ మధ్యాహ్నం భోజనం కాగానే చేతికర్ర అందుకుని కాలువ గట్టున బయల్దేరేవాడు. ఎక్కడికని ఎవరైనా అడిగితే, "మా అమ్మాయికి గీతలు కుదరడం లేదయ్యా, దిద్దాలి," అనేవాడు.