మొదటి ఏడాదా, రెండో ఏడాదా

యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిన రోజు నుంచి రోనా ఫ్లెట్‌కి ఇంట్లో ఒక పోరు, బళ్ళో ఒక పోరు. స్కాట్లాండులో ఫిజిక్స్ డిగ్రీ మామూలుగా నాలుగేళ్ళు. బళ్ళోనే అడ్వాన్స్‌డ్ పాఠాలు చదివి మంచి గ్రేడులు తెచ్చుకునేవాళ్ళు మొదటి ఏడాది వదిలేసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఏది కావాలో శుక్రవారంలోగా చెప్పమన్నారు.

నానమ్మ జెస్సీ అప్పుడే తీర్పు చెప్పేసింది.

"ఫీజు సర్కారు కడుతుంటే, ఊరికే ఇచ్చే మొదటి ఏడాదిని వద్దంటావేంటే? నాకు పదిహేనేళ్ళు రాగానే చేపలు కోసే కత్తి చేతిలో పెట్టారు. ఒక్క ఏడాది చదువు చెప్పిస్తామని ఎవరైనా అని ఉంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేదాన్ని."

నిజానికి రోనా మనసులో ఉన్నదీ అదే. కానీ ఆ మాట ఫిజిక్స్ చెప్పే గెడిస్ సారుకి ఎలా చెప్పాలి?

మోరే తీరంలోని ఆ చిన్న రేవు ఊళ్ళో అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ తీసుకున్నది రోనా ఒక్కతే. ఒక్క పిల్ల కోసం క్లాసు నడపలేమని హెడ్మాస్టరు చేతులెత్తేశాడు. "నా తిండి టైము నా ఇష్టం కదా" అన్నాడు గెడిస్ సారు. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా రోజూ మధ్యాహ్నం ఒక చేత్తో బటరీ అనే అక్కడి రొట్టె, ఇంకో చేత్తో మార్కరు పట్టుకుని పాఠం చెప్పాడు. రొట్టె తుంపులు రోనా నోట్సు మీద రాలేవి. ఆయన ఆ మధ్యాహ్నాలు ఇవ్వకపోతే ఈ ఉత్తరమే వచ్చేది కాదు. రోనా నేరుగా రెండో ఏడాదిలోకి వెళుతుందని ఆయన స్టాఫ్ రూమంతా టముకు వేశాడు కూడా.

ఇక్కడే రోనాకి నోరు పెగలడం లేదు. చలికాలంలో ఆమె సాధన కోసం లోలకంతో గురుత్వాకర్షణ కొలిచింది. జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి, పుస్తకంలో ఉన్నదే. సారు మురిసిపోయి ఆ కాగితాన్ని గోడకి అంటించాడు. సిఫారసు లేఖలో "ప్రయోగాల్లో చెయ్యి తిరిగిన పిల్ల" అని రాశాడు. కానీ రోనా పదిసార్లు కొలిస్తే, పుస్తకానికి దూరంగా వచ్చిన నాలుగు కొలతల్ని అసలు రాయనే లేదు. మొదటి ఏడాదంతా ల్యాబులో నేర్పేది కొలవడమే. రెండో ఏడాదిలో చేరితే అది వచ్చేసిందనే అనుకుంటారు.

గురువారం మధ్యాహ్నం ధైర్యం చేసింది.

"సార్, ఒక మాట. తిట్టినా సరే."

"తిట్లకి టైమెక్కడుంది? అరగంటే ఉంది. చెప్పు."

"ఆ గోడ మీదున్న కాగితం అబద్ధం సార్."

మొత్తం చెప్పేసింది. సారు నమలడం ఆపాడు. లేచి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాగితాన్ని కొత్తగా చూస్తున్నట్టు చదివాడు.

"దారం ముక్క, పాత స్టాప్‌వాచీ, కిటికీ సందుల్లోంచి సముద్రపు గాలి. వీటితో ఇంత చక్కటి జవాబా! బుర్రున్న వాడెవడైనా అనుమానపడాలి."

"మీరు పడలేదు కదా సార్."

"పడలేదు." ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "నా చేతిలో చదివిన పిల్ల నేరుగా రెండో ఏడాదికి వెళ్ళాలని ఆగస్టులోనే అనుకున్నాను. నాకు కావలసిన జవాబు కనబడగానే ఇంక మిగతావి చూడలేదు. నువ్వు చేసిన పనే నేనూ చేశాను. కాకపోతే నేను జీతం తీసుకుని మరీ చేశాను."

రోనాకి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"మీ మధ్యాహ్నాలన్నీ పాడుచేశాను."

"పిచ్చిదానా! ఇరవై ఆరేళ్ళ నుంచి పాఠాలు చెబుతున్నాను. కొలతలు దాచానని తనంతట తాను వచ్చి చెప్పిన పిల్లని ఇదే చూడటం."

సారు చేతులు తుడుచుకుని కంప్యూటరు తెరిచాడు. తన లేఖలో ఆ వాక్యం తప్పని యూనివర్సిటీకి రాసి, పక్కకి జరిగి రోనాకి చోటిచ్చాడు. ఆమె మొదటి ఏడాదే కావాలని రాసింది. కారణం అడిగిన చోట "కొలవడం నేర్చుకోవాలి" అని పెట్టింది. ఈ మనిషి లేకపోతే తనకి ఫిజిక్సే లేదు, ఆ సంగతి ఇప్పుడైనా చెప్పాలనిపించింది.

"థాంక్స్ సార్."

"దేనికి?"

"మధ్యాహ్నాలకి. ప్రతి ఒక్క మధ్యాహ్నానికీ."

సారు బల్ల మీది రొట్టె తుంపులు దులిపాడు.

"వచ్చే ఏడాది ఈ టైముకి స్టాఫ్ రూములో కూర్చుని హెడ్మాస్టరు గోల్ఫ్ కబుర్లు వినాలి నేను. నాలుగేళ్ళు కాకపోతే అయిదేళ్ళు ఇక్కడే చదువుకో, ఎక్కడికీ వెళ్ళకు."

అనేశాక తన మాటకి తనే సిగ్గుపడి, రోనా కన్నా ముందు చెయ్యి చాచి, పంపించే బటన్ తనే నొక్కాడు.