మిల్లుకి వంటింటి బల్బులు

విజయదశమి పొద్దున్నే భీమవరం పొలిమేరలో వెంకటపతిరాజు గారి కొత్త తవుడు నూనె మిల్లుకి ముహూర్తం. బటన్ నొక్కేది ఆయన భార్య జానకీదేవి. పంతులుగారు పెట్టిన ఘడియ దాటిందా, మళ్ళీ మంచిరోజు కార్తీకంలోనే.

అంతా సిద్ధమే, ఒక్క వెలుతురు తప్ప. తవుట్లోంచి నూనె తీసే గది పట్టపగలూ చీకటే. అక్కడ నూనె లాగడానికి వాడే మందు పెట్రోలుకి అన్న. దాని ఆవిరికి వేడి ఎక్కువ తగిలితే చాలు, భగ్గుమంటుంది. అందుకే అక్కడి దీపాలకి మందపాటి గాజు, ఇనప చట్రం. వాటికోసం రాజుగారు స్వయంగా పాలకొల్లు వెళ్ళి బల్బులు తెచ్చారు. రెండొందల వాట్లవి!

ఎలక్ట్రీషియన్ పల్లంరాజు నిచ్చెన దిగడు, బల్బు పెట్టడు.

"చట్రం మీద వందకి మించొద్దని ఉందండి. ఇది పెడితే గాజు పెనమైపోద్దండి."

"మనూళ్ళో వంద పెడితే మిణుగురులా ఉంటుంది కదయ్యా!"

"అది ఊళ్ళో ఓల్టేజీ చాలకండి. మిల్లుకి సొంత ట్రాన్స్‌ఫార్మర్ వేయించారు కదండీ, ఆయ్!"

రాజుగారు నాలిక్కరుచుకున్నారు. వందవి కొందామంటే ఆయుధపూజ. కొట్లవాళ్ళు పూజ చేసి తలుపులేశారు, పూజలో పెట్టిన సరుకు రేపటిదాకా కదపరు.

జానకీదేవి పకపకా నవ్వింది.

"ఏవండీ, కారు తీయమనండి. మన వంటింట్లో, హాల్లో ఉన్నవన్నీ వందలే. ఏనాడైనా తలెత్తి చూశారా?"

ఇల్లు పక్కూళ్ళోనే. ఆమెతో వెళ్ళిన కారు చిటికెలో తిరిగొచ్చింది. పట్టుచీర కొంగులో బల్బుల్ని కోడిగుడ్లలా పొదువుకుని దిగిందామె. పల్లంరాజు ఒక్కోదాని మీద అంకె చదివి పెట్టాడు, గాజు మూసి బోల్టులన్నీ బిగించాడు. స్విచ్ వేస్తే గది తెల్లారినట్టయింది.

ఇంతలో పంతులుగారు అక్కడే కర్పూరం తీయబోయారు.

"గేటు బయటండి పంతులుగారూ!" అని అందరూ ఒక్కసారే కేకేశారు.

హారతీ కొబ్బరికాయా రోడ్డు మీదే కానిచ్చారు. ఘడియ ఇంకా ఉండగానే జానకీదేవి బటన్ నొక్కింది. మిల్లు గుర్రుమంది. రాజుగారు కండువాతో కళ్ళు తుడుచుకుని, తవుడు దుమ్మన్నారు.

సాయంత్రం ఇంటికొస్తే ఇల్లంతా చీకటి. రాజుగారు స్టూలెక్కి రెండొందల బల్బులు పెట్టారు. ఊరి ఓల్టేజీకి అవి నెమ్మదిగా, పండు వెన్నెల్లా వెలిగాయి.

"చూశావా నా బల్బులు!"

"బావున్నాయండీ. ఇంట్లోనే ఉండనివ్వండి మరి," అంటూ పులిహోర వడ్డించింది జానకీదేవి.