తెల్ల మచ్చల వెనుక దొంగ

“ఆపన్నా! కొమురెల్లన్నా, ఆపు!”

ఉక్కు దూలం గాలిలో ఊగుతోంది. కింద ఉన్నవాళ్లు తలో దిక్కుకు పరుగెత్తారు. పైన క్రేన్ కేబిన్‌లో కొమురెల్లి చేయి కదలడం లేదు. ఏ బటన్ ఎటు? ఏళ్ల తరబడి నడిపిన క్రేన్ కొత్తగా కనిపిస్తోంది. చివరికి ఎర్ర బటన్ చేతికి తగిలింది. దూలం గోడకు బెత్తెడు దూరంలో ఆగింది.

కబురు అందుకుని వచ్చిన భార్య శారదమ్మ, కూతురు త్రివేణి అతన్ని నాచారం ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఉప్పల్‌లోని దవాఖానాకు తీసుకెళ్లారు.

“మా అమ్మకు గూడ మతిమరుపు గిట్లనే మొదలైంది బిడ్డా. ఆఖరుకు నన్నే ఎవరని అడిగింది. రేపు నిన్ను గట్లనే అడుగుతనేమో,” అన్నాడు ఆటోలో.

“అడుగు నాయినా. నేను గూడ నువ్వెవరంట. సమానం అయితది.” త్రివేణి నవ్వుతూనే తండ్రి చేయి గట్టిగా పట్టుకుంది.

దవాఖానా కౌంటర్‌లో పేషెంట్ పేరు అడిగితే శారదమ్మ కూతుర్ని మోచేత్తో పొడిచింది. “నువ్వు జెప్పు. మొగని పేరు నేనెట్ల అంట?”

స్కాన్ వచ్చింది. మెదడులో తెల్ల మచ్చలు!

“ఈ మచ్చలున్నవి ఒక భాగం కబురు ఇంకో భాగానికి మోసే తీగల మీద. ఆ తీగల్ని వైట్ మ్యాటర్ అంటాం,” అంది డాక్టర్ నీరజ. “అవి దెబ్బతింటే ఆలోచన నెమ్మదిస్తుంది. మచ్చలు పెరిగితే అల్జీమర్స్ ముప్పూ పెరుగుతుంది.”

“అంటే వచ్చినట్టేనా?” త్రివేణి లేచి నిలబడింది.

“ఆగమ్మా. కొమురెల్లిగారూ, ఇందాక గుర్తుపెట్టుకోమన్న అయిదు మాటలు చెప్పండి.”

మూడు చెప్పి ఆగిపోయాడు.

“ఇంకోటి పండు,” అందించింది నీరజ.

“జామకాయ!”

“వంటింట్లో ఉండేది?”

“గంటె!”

నీరజ ముఖం వికసించింది. “అల్జీమర్స్ అయితే గుర్తుచేసినా చాలాసార్లు రాదు. మీకు మాట లోపలే ఉంది, బయటికి రావడానికే ఆలస్యం. స్కాన్‌లో జ్ఞాపకం దాచే భాగం కూడా బాగుంది. ఈ రోజుకైతే నాకు అల్జీమర్స్ కనిపించడం లేదు.”

కొమురెల్లి డాక్టరుకు రెండు చేతులూ జోడించాడు. త్రివేణి కూర్చుండిపోయింది.

“మరి మచ్చలు?” అడిగాడు కొమురెల్లి.

జవాబుగా నీరజ అతని చేతికి పట్టీ చుట్టింది. బీపీ నూట తొంభై!

“కంపెనీ చెకప్‌ల ఎప్పుడూ నార్మలే మేడం!” అన్నాడు కొమురెల్లి.

“ఎందుకుండదు?” శారదమ్మ ఇక ఆగలేదు. “చెకప్ ముందట వారం గోలీలేసుకుంటడు. పాసైనంక బంద్! నార్మల్ ఉంది గద, గోలీలెందుకంటడు.”

“బీపీ ఉందంటే క్రేన్ ఎక్కనియ్యరు,” గొణిగాడు కొమురెల్లి.

“ఇప్పుడు నేనూ ఎక్కనివ్వను, బీపీ కుదిరేదాకా,” అంది నీరజ. “పాత మచ్చలు పోవు. రోజూ మాత్ర వేసుకుంటే కొత్తవి రావడం తగ్గుతుంది. మచ్చలు పెట్టింది బీపీ. మరి బీపీకి తలుపు తీసిందెవరు?”

కొమురెల్లి నేల చూపులు చూశాడు. శారదమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. పెళ్లయ్యాక మొదటిసారి, గదంతా మోగేలా అనేసింది.

“కొమురెల్లి!”