చుక్కికి శనివారం

శ్రావణమాసం వచ్చిందంటే జయలక్ష్మమ్మ ఇంట్లో శనివారాలు పొయ్యి వెలిగేది సాయంత్రం దీపం పెట్టాకే. పేరేసంద్రకు కోడలిగా వచ్చినప్పటి నుంచి హేమావతికి అది అలవాటే. చిక్కబళ్ళాపురంలో బట్టల ఫ్యాక్టరీలో పగలంతా మిషను ముందు కూర్చుని, ఖాళీ కడుపుతో బస్సు దిగి, అప్పుడు అందరికీ వండాలి. ఈ ఏడు ఆ ఉపవాసం ఇంటి కుక్క చుక్కిదాకా వచ్చింది.

ఎవరో ఫోనుకు వీడియో పంపారు. ఏదో మఠంలో ఒక కుక్క ఏకాదశినాడు అన్నం పెట్టినా ముట్టదట. జయలక్ష్మమ్మ దాన్ని పదేపదే చూసింది. మన ఇంటి కూడు తినే ప్రాణికి మన నియమం ఉండొద్దా, దానికి మాత్రం మంచి జన్మ వద్దా అని కొడుకును అడిగింది. లోకేశ్ టమాటా బండికి తాళ్ళు బిగిస్తూ, ఒక పూట పస్తుంటే కుక్కకేమీ కాదులే అన్నాడు. చుక్కి ఈని ఎన్నాళ్ళో కాలేదని హేమావతి చెప్పబోయింది. అప్పటికే బస్సు వేళయింది. వచ్చాక చెప్పొచ్చులే అనుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె వచ్చేసరికి పశువుల కొట్టంలో కుక్కపిల్లలు ఒకటే కూత. చుక్కి గోనెపట్టా మీద ఒరిగి పడుకుని ఉంది. రోజూ ఆమె అడుగుల చప్పుడుకే ఎదురొచ్చేది, ఇప్పుడు తోక కూడా కదపలేదు. పిల్లలు పాలకోసం కుమ్ముతున్నాయి, దొరక్క వదిలేస్తున్నాయి, మళ్ళీ కుమ్ముతున్నాయి.

హేమావతి భుజాన సంచీ కూడా దించలేదు. వంటింట్లోకి పోయి, దేవుడికి తీసిపెట్టిన పాలు గిన్నెలో పోసి, నిన్నటి సంగటి అందులో మెదిపింది.

“ఇంకా పూజ కాలేదు,” అంది గడపలో నిలబడ్డ జయలక్ష్మమ్మ. గొంతులో కోపం లేదు. ఆమె కూడా పొద్దుటినుంచి నీళ్ళమీదే ఉంది.

“దానికి పాలు ఎండిపోతాండాయత్తా.”

“నేనూ పిల్లోన్ని చంకనేసుకోని ఈ శనివారాలు చేసినాను. ఏమైంది?”

హేమావతికి వాదించే ఓపిక లేదు. “పాలు చాలక ఆయన్ను మేకపాలతో సాకితినని నువ్వే చెప్పినావు కదత్తా,” అంది మెల్లగా.

జయలక్ష్మమ్మ చేతిలోని వత్తిని మళ్ళీ మళ్ళీ నలిపింది. ఆ రోజుల్లో తిన్నావా అని ఆమెను అడిగిన మనిషి లేదని హేమావతికి తెలుసు. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. కానీ గిన్నె కింద పెట్టలేదు.

ఆమె కొట్టంలోకి వెళ్తే వెనకాలే అత్తా వచ్చింది. కూర్చుని, చుక్కి తలను తనే ఒళ్ళోకి ఎత్తి పట్టుకుంది. కుక్క మొదట మూతి తడుపుకుంది, తర్వాత గిన్నె అడుగుదాకా నాకింది.

“ఇంగా ఉంటే తీసుకురా,” అంది జయలక్ష్మమ్మ.

మరుసటి శనివారం తెల్లారగానే ఆమె చుక్కి కోసం పొయ్యి వెలిగించి, కుండలో అన్నం వండింది. నోరులేని బాలింతకు నియమమేంటని పక్కింటి మునివెంకటమ్మకు తనే చెప్పింది. తన ఉపవాసం మాత్రం మానలేదు. హేమావతిని తినమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

హేమావతి జడ వేసుకుని పొయ్యి దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత ఆ కుండలోంచే ఇంత అన్నం కంచంలో పెట్టుకుని కూర్చుంది. జయలక్ష్మమ్మ చూసి, మజ్జిగ చెంబు ఇటు జరిపి, పూలు కోయడానికి బయటికి వెళ్ళింది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. హేమావతి లేవలేదు, నిదానంగా తింటూనే ఉంది.